గ్లైడర్ పోటీల్లోకి దిగాలంటే: క్లబ్‌లో చేరిన రోజు నుంచి తొలి పందెం దాకా, ఖర్చులతో సహా

ఇంజిన్ లేని విమానంలో మూడువందల కిలోమీటర్ల త్రిభుజాన్ని మూడు గంటల్లో చుట్టి, బయల్దేరిన మైదానంలోనే దిగాలి. దారిలో ఇంధనం అంటూ ఉంటే అది ఎండకు నేల వేడెక్కి పైకి లేచే గాలి, అంటే థర్మల్, మాత్రమే. గ్లైడర్ పోటీ అంటే స్థూలంగా ఇదే. ఈ ఆట గురించి విన్నవాళ్లు అందరూ మొదట అడిగేది ధర గురించే. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 18 మీటర్లుండే కొత్త గ్లైడర్‌ను, థర్మల్స్ దొరకనప్పుడు వాడుకునే చిన్న ఇంజిన్, ట్రెయిలర్, పరికరాలు, పన్నులతో కలిపి కొనాలంటే రెండు నుంచి మూడు లక్షల యూరోలు పడుతుంది. లెక్క సులువుకి యూరోను వంద రూపాయలు అనుకుంటే రెండు మూడు కోట్లు. ఈ అంకె విని చాలామంది అక్కడితో ఆగిపోతారు. అలా ఆగిపోనక్కర్లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. అందులో పదోవంతు ధరకు దొరికే పాత గ్లైడర్‌తో అంతర్జాతీయ స్థాయి దాకా పోటీపడే దారి ఉంది. డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అన్నది తెలిస్తే చాలు.

జర్మనీ, బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాల్లో చదువుకో ఉద్యోగానికో ఉంటున్న తెలుగువాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. ఇక్కడే ఉన్నవాళ్లు ఎక్కడ మొదలుపెట్టొచ్చో కూడా చెబుతాను.

మొదటి అడుగు: ఏ తరగతిలో ఎగరాలో తేల్చుకోండి

ప్రపంచ గ్లైడింగ్ పోటీలు 1937లో జర్మనీలోని వాసర్‌కుప్పె కొండమీద మొదలయ్యాయి. ఇప్పుడు అంతర్జాతీయ విమాన క్రీడల సమాఖ్య, అంటే ఎఫ్‌ఏఐ, గ్లైడర్లను తరగతులుగా విడగొట్టి పోటీ పెడుతుంది. ఓపెన్ తరగతిలో రెక్కల పొడవుకు హద్దు లేదు, మొత్తం బరువు మాత్రం 850 కిలోలు దాటకూడదు. 18 మీటర్ల తరగతిలో ఆ హద్దు 600 కిలోలు. 15 మీటర్ల తరగతిలో ఫ్లాప్‌లు, అంటే రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలకలు, వాడొచ్చు. స్టాండర్డ్ తరగతిలోనూ రెక్క 15 మీటర్లే, ఫ్లాప్‌లకు అనుమతి లేదు. ఇద్దరు కూర్చునే 20 మీటర్ల తరగతి, చిన్న 13.5 మీటర్ల తరగతి కూడా ఉన్నాయి.

వీటన్నిటి పక్కన క్లబ్ క్లాస్ ఉంది. మీరు చూడాల్సింది దీన్నే. ఇందులో పాత గ్లైడర్లు ఎగురుతాయి. ఒక్కో మోడల్‌కు దాని సామర్థ్యాన్ని బట్టి హ్యాండిక్యాప్ అంకె ఉంటుంది. మీరు సాధించిన వేగాన్ని ఆ అంకెతో సరిచేసి పాయింట్లు ఇస్తారు. రెక్కల్లో నీళ్లు నింపి బరువు పెంచుకునే వెసులుబాటు ఇక్కడ లేదు. ఎక్కువ డబ్బు పెట్టినవాడికి దక్కే లాభాన్ని ఈ రెండు నియమాలూ బాగా తగ్గించేస్తాయి. జాతీయ పోటీల్లోనే కాక ప్రపంచ పోటీల్లోనూ ఈ తరగతి ఉంది.

ఖర్చు తగ్గించాలన్న ప్రయత్నం అంతకుముందే ఒకసారి జరిగింది. అందరూ ఒకే చవక గ్లైడర్‌లో ఎగరాలని ఎఫ్‌ఏఐ వరల్డ్ క్లాస్ అనే తరగతిని పెట్టి, వార్సా సాంకేతిక విశ్వవిద్యాలయంలో పుట్టిన పీడబ్ల్యూ-5ను ఎంచుకుంది. ఆ తరగతికి తొలి ప్రపంచ పోటీ 1997లో టర్కీలో జరిగింది. ఆలోచన గొప్పదే. కానీ పీడబ్ల్యూ-5 గ్లైడ్ నిష్పత్తి 32 దగ్గరే ఆగింది, అంటే ఒక కిలోమీటరు ఎత్తు నుంచి నిశ్చలమైన గాలిలో 32 కిలోమీటర్లు పోగలదు. దాదాపు అదే డబ్బుకు, అంతకంటే బాగా ఎగిరే పాత ఫైబర్‌గ్లాస్ గ్లైడర్ దొరుకుతుంటే పైలట్లు కొత్త చిన్నదాన్ని ఎందుకు కొంటారు? తరగతి నిలబడలేదు. కొనేవాళ్లు నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది: గ్లైడింగ్‌లో పాతది అన్నంత మాత్రాన తీసిపారేయకూడదు.

రెండో అడుగు: క్లబ్, లైసెన్స్

యూరప్‌లో గ్లైడింగ్ క్లబ్బుల మీదే బతుకుతుంది. జర్మనీలో అయితే చిన్న ఊరికి కూడా ఒక గడ్డి మైదానం, గ్లైడర్‌ను తాడుతో లాగి పైకి లేపే ఒక వించ్ యంత్రం, రెండు మూడు గ్లైడర్లు ఉన్న క్లబ్ దొరుకుతుంది. శిక్షకులు చాలాచోట్ల జీతం తీసుకోకుండా నేర్పుతారు. ఆ ఋణం మీరు పనితో తీర్చాలి: వించ్ నడపడం, గ్లైడర్లను తోయడం, చలికాలంలో షెడ్డులో గ్లైడర్లు విప్పి శుభ్రం చేయడం. వారాంతంలో ఉదయం వెళ్తే సాయంత్రం దాకా అక్కడే ఉండాలి. రెండు గంటలకు వచ్చి ఎగిరి వెళ్లిపోదామనుకునేవాళ్లకు ఈ పద్ధతి సరిపడదు. కానీ ఖర్చు తక్కువగా ఉండేది దీనివల్లే. సభ్యత్వం, విమాన సమయం కలిపి ఏడాదికి సుమారు వెయ్యి నుంచి పదిహేనువందల యూరోలతో నేర్చుకోవచ్చు. వించ్‌తో పైకి లేపితే ఒక్కోసారికి పది యూరోల లోపే అవుతుంది. మరో విమానం లాక్కెళ్లే ఏరోటోకి 600 మీటర్ల ఎత్తుకు ముప్ఫై నుంచి అరవై దాకా పెట్టాలి. అమెరికాలో వించ్‌లు తక్కువ, ఏరోటోనే ఎక్కువ, కాబట్టి అక్కడ ఖర్చు పెరుగుతుంది.

యూరోపియన్ లైసెన్స్ ఎస్‌పీఎల్‌కు కనీసం 15 గంటల శిక్షణ కావాలి. అందులో 10 గంటలు శిక్షకుడితో, 2 గంటలు ఒంటరిగా. 45 సార్లు ఎగిరి దిగాలి. దాంతోపాటు ఒంటరిగా 50 కిలోమీటర్లో, శిక్షకుడితో 100 కిలోమీటర్లో ఒక క్రాస్ కంట్రీ ప్రయాణం చేయాలి. 14 ఏళ్లకే ఒంటరిగా ఎగరొచ్చు, 16కి లైసెన్స్ వస్తుంది. అమెరికాలో కూడా ఒంటరిగా ఎగరడానికి 14, ప్రైవేట్ లైసెన్స్‌కు 16 ఏళ్లే. అక్కడ గ్లైడర్‌కు వైద్య ధ్రువపత్రం అవసరం లేదు, యూరప్‌లో కావాలి. ఈ గంటలు కనీస అంకెలు మాత్రమే. చాలామందికి ఇంతకంటే ఎక్కువే పడుతుంది, తొందరపడొద్దు.

పిల్లలున్నవాళ్లు ఒక విషయం గమనించండి. 25 ఏళ్ల లోపువారికి ప్రత్యేకంగా జూనియర్ ప్రపంచ పోటీలు 1999 నుంచి, మహిళలకు 2001 నుంచి నడుస్తున్నాయి. యువతకు క్లబ్ రుసుములు కూడా తగ్గుతాయి. పద్నాలుగేళ్ల అమ్మాయినో అబ్బాయినో ఇప్పుడు క్లబ్‌లో చేర్పిస్తే, జూనియర్ వయసు దాటేలోపు పోటీలకు సిద్ధమవడానికి బోలెడంత సమయం ఉంటుంది.

ఇక మన దేశం సంగతి. పుణే దగ్గర హడప్సర్‌లో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ కింద ఒక గ్లైడింగ్ సెంటర్ దశాబ్దాలుగా ఉంది. ఐఐటీ కాన్పూర్‌కూ గ్లైడింగ్‌తో పాత అనుబంధం ఉంది. వెళ్లేముందు అక్కడ ప్రస్తుతం శిక్షణ నడుస్తోందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. ఒకప్పుడు మనవాళ్లే గ్లైడర్లు రూపొందించారు. వాటికి అశ్విని, భరణి, రోహిణి, మృగశీర, ఆర్ద్ర అని నక్షత్రాల పేర్లు పెట్టారు. ఆ పేర్లు చదివినప్పుడల్లా ఆ పరంపర కొనసాగి ఉంటే ఎంత బావుండేదో అనిపిస్తుంది నాకు.

మూడో అడుగు: చలికాలంలో కంప్యూటర్ ముందు

కాండోర్ అనే గ్లైడింగ్ సిమ్యులేటర్ ఉంది. దీన్ని ఆటగా చూడకండి, జాతీయ జట్ల పైలట్లు కూడా చలికాలంలో ఇందులో సాధన చేస్తారు. థర్మల్‌ను మధ్యలో పట్టుకోవడం, ఎప్పుడు వదలాలో తేల్చుకోవడం, ఉన్న ఎత్తుతోనే గమ్యం చేరే చివరి గ్లైడ్ లెక్క, స్టార్ట్ రేఖ దగ్గర వేచి ఉండటం, ఇవన్నీ ఆన్‌లైన్ పందేల్లో నేర్చుకోవచ్చు. జాయ్‌స్టిక్‌తో పాటు కాళ్లతో నొక్కే రడ్డర్ పెడల్స్ కూడా కొనండి, లేకపోతే చేతులకు అలవాటై కాళ్లు మొద్దుబారతాయి. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉండి ఈ ఆట మీద మనసు పడ్డవాళ్లకు నేను చెప్పే మొదటి అడుగు ఇదే. అసలు గ్లైడర్ ఎక్కేనాటికి సగం భాష వచ్చేసి ఉంటుంది.

ఒక్క లోటు మాత్రం ఉంది. సిమ్యులేటర్‌లో పొలంలో దిగితే ఎవరికీ ఏమీ కాదు. అక్కడ అలవాటైన తెగింపును నిజం ఆకాశంలోకి తీసుకెళ్లకూడదు.

నాలుగో అడుగు: మైదానం వదిలి వెళ్లడం, పొలంలో దిగడం

పోటీకి అర్హత అనేది ముందు బ్యాడ్జీల్లో కనిపిస్తుంది. సిల్వర్ బ్యాడ్జీకి 50 కిలోమీటర్ల ప్రయాణం, 5 గంటలు గాల్లో ఉండటం, 1000 మీటర్ల ఎత్తు పెరగడం కావాలి. గోల్డ్‌కు 300 కిలోమీటర్లు, 3000 మీటర్లు. ప్రాంతీయ స్థాయి పోటీకి సాధారణంగా సిల్వర్ అయినా ఉండాలని అడుగుతారు. నా సలహా మాత్రం 300 కిలోమీటర్ల ప్రయాణాలు కొన్ని పూర్తిచేశాకే పేరివ్వమని.

వీటన్నిటికంటే ముందు రావాల్సిన విద్య పొలంలో దిగడం. థర్మల్ దొరక్కపోతే దిగాల్సిందే, అది గ్లైడింగ్‌లో మామూలే. ప్రమాదాలు జరిగేది దిగాలన్న నిర్ణయం ఆలస్యం అయినప్పుడు. నేలకు 600 మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడే దిగగల ప్రాంతం ఎంచుకోండి. 450 మీటర్లకు ఒక్క పొలాన్ని తేల్చేయండి. 300 మీటర్లకు వచ్చేసరికి దిగే దారిలో ఉండాలి, ఆ తర్వాత థర్మల్ తగిలినా దాని వెంట పడొద్దు. పొలం ఎంచుకునేటప్పుడు కోత కోసిన మోడు నేల మేలు. ఎత్తుగా పెరిగిన మొక్కజొన్న, పశువులు, చెట్ల వరుసలు, అన్నిటికంటే ముఖ్యంగా కరెంటు తీగలు చూసుకోండి. తీగలు పైనుంచి కనిపించవు, స్తంభాలు కనిపిస్తాయి, వాటి వరుసను బట్టి తీగను ఊహించాలి. నేల వాలుగా ఉంటే ఎప్పుడూ ఎగువకే దిగండి.

చిన్న ఇంజిన్ ఉన్న గ్లైడర్లలో ఎగిరేవాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. లోపల మడిచి ఉన్న ఇంజిన్‌ను బయటికి తీసినప్పుడు గ్లైడర్ చాలా వేగంగా ఎత్తు కోల్పోతుంది. ఇంజిన్ అందుకోకపోతే దిగడానికి చేతిలో పొలం ఉండాలి. దిగగల పొలం అందుబాటులో లేకుండా ఇంజిన్‌ను నమ్ముకున్న పైలట్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

దిగాక మిమ్మల్ని తీసుకురావడానికి ట్రెయిలర్‌తో ఒక మనిషి రావాలి. ఆ ట్రెయిలర్ తొమ్మిది పది మీటర్ల పొడవుంటుంది, దాన్ని లాగడానికి మీ దేశంలో ఏ డ్రైవింగ్ లైసెన్స్ కావాలో ముందే చూసుకోండి. ఇంట్లోవాళ్లు ఆ పనికి ఒప్పుకుంటే మీరు అదృష్టవంతులు. లేదంటే క్లబ్‌లో మరొకరితో ఒప్పందం చేసుకోండి: ఈ వారం నీకు నేను, వచ్చే వారం నాకు నువ్వు.

ఐదో అడుగు: గ్లైడర్, దాని ధర

ఇంత ధర ఎందుకో ముందు చూద్దాం. 1957లో స్టుట్‌గార్ట్ విద్యార్థుల బృందం ఎఫ్‌ఎస్ 24 ఫోనిక్స్‌ను ఎగరేసింది, ఫైబర్‌గ్లాస్‌తో చేసిన తొలి గ్లైడర్ అది. చెక్కకు సాధ్యంకాని నున్నదనం అచ్చులో పోసిన రెక్కకు వచ్చింది. గాలి రెక్కమీద చెదరకుండా సాఫీగా జారాలంటే ఆ నున్నదనమే ఆధారం. తర్వాత కార్బన్ ఫైబర్ వచ్చి రెక్కలను సన్నగా, పొడుగ్గా, గట్టిగా చేసింది. కానీ తయారీ మాత్రం ఇప్పటికీ ఎక్కువగా చేతిపనే. అచ్చులో గుడ్డ పరచడం, రెసిన్ పట్టించడం, రెండు సగాలను అతికించడం, తర్వాత గంటల తరబడి గీకి నునుపు చేయడం. జర్మనీలో పోపెన్‌హౌజెన్‌లోని ష్లైకర్, కిర్చ్‌హైమ్‌లోని షెంప్-హిర్త్, దక్షిణాఫ్రికాలోని జోంకర్ లాంటి తయారీదారులు తక్కువ సంఖ్యలోనే చేయగలరు. కార్లలాగా లక్షల సంఖ్యలో అమ్ముడుపోయే సరుకు కాదు. కొత్త మోడల్ రూపకల్పన, పరీక్షలు, ధ్రువీకరణ ఖర్చంతా ఆ కొద్ది సంఖ్య మీదే పడుతుంది. దానికి ఇంజిన్ తోడైతే ధర మరో మెట్టెక్కుతుంది.

అంత డబ్బుకు దక్కేది ఏమిటి? 1969లో వచ్చిన స్టాండర్డ్ సిరస్ గ్లైడ్ నిష్పత్తి 37 ప్రాంతంలో ఉంటుంది. 1980లో వచ్చి వెయ్యికి పైగా తయారైన ఎల్‌ఎస్ 4ది దాదాపు 40. కొత్త 18 మీటర్ల గ్లైడర్లు 50 దాటుతాయి, ఓపెన్ తరగతివి 60 దాటుతాయి. ఎల్‌ఎస్ 4 మంచి స్థితిలో ఉన్నది పాతిక ముప్ఫై వేల యూరోలకు, స్టాండర్డ్ సిరస్ అయితే పది నుంచి ఇరవై వేలకు దొరుకుతుంది. అంటే 40 నుంచి 50కి పోవడానికి ధర ఎనిమిది, పది రెట్లు అవుతోంది.

ఇప్పుడు ఒక ఉజ్జాయింపు లెక్క చూడండి. థర్మల్స్‌లో సెకనుకు 2 మీటర్లు పైకి లేస్తూ, మధ్యలో గంటకు 130 కిలోమీటర్లతో ముందుకు పోతూ సెకనుకు 1.3 మీటర్లు దిగే పాత గ్లైడర్ సగటు వేగం దాదాపు 79 కిలోమీటర్లు. అదే రోజున 150తో పోతూ 1.2 మాత్రమే దిగే కొత్త గ్లైడర్ సగటు 94. తేడా పెద్దదే. కానీ పాత గ్లైడర్ పైలట్ బలహీనమైన థర్మల్స్ వదిలేసి 3 మీటర్లవి మాత్రమే ఎంచుకోగలిగితే అతని సగటు 91కి చేరుతుంది. గ్లైడర్ ఇచ్చే లాభంలో నాలుగింట మూడు వంతులకు పైగా మంచి థర్మల్ ఎంపికే ఇచ్చేసిందన్నమాట. క్లబ్ క్లాస్‌లో హ్యాండిక్యాప్ ఉంటుంది కాబట్టి అక్కడ తీర్పు ఇంకా మీ చేతుల్లోనే ఉంటుంది. అందుకే నేను ఎవరడిగినా ఇదే చెబుతాను: మొదటి ఐదేళ్లు డబ్బును గ్లైడర్ మీద కాక ఎగిరే రోజుల మీద పెట్టండి.

మొదటి పోటీకి అసలు కొనాల్సిన పనే లేదు. క్లబ్‌లో ఉన్న ఎల్‌ఎస్ 4నో డిస్కస్‌నో అడగండి. అది కాకపోతే డ్యుయో డిస్కస్, ఆర్కస్ లాంటి ఇద్దరి గ్లైడర్‌లో అనుభవజ్ఞుడితో కలిసి పోటీకి వెళ్లండి. ఒక పోటీలో వెనక సీట్లో కూర్చుని నేర్చుకునేది ఒంటరిగా రెండు సీజన్లు ఎగిరినా రాదు.

సొంతానికి కొనదలిస్తే ముగ్గురు కలిసి కొనడం మంచి పద్ధతి. గ్లైడర్ ఏడాదిలో ఎక్కువ రోజులు షెడ్డులోనే ఉంటుంది, ముగ్గురికి సరిపోతుంది. కాకపోతే నోటిమాట మీద పోకండి. పోటీ వారాలు ఎవరికి ముందు, దెబ్బతింటే బీమాకు మించిన ఖర్చు ఎవరిది, ఒకరు బయటికి వెళ్లాలంటే వాటా ధర ఎలా కట్టాలి, ఈ మూడూ కాగితం మీద రాసుకోండి.

పాతదాన్ని చూసేటప్పుడు మొట్టమొదట జెల్‌కోట్ చూడాలి. పైన తెల్లగా ఉండే ఆ పొర ఎండకు, చలికి పగుళ్లిస్తుంది. వెలుతురును వాలుగా పడేట్టు టార్చి పట్టుకుని రెక్క మొత్తం చూడండి, సన్నని వెంట్రుకల్లాంటి గీతలు కనబడతాయి. మొత్తం గీకి మళ్లీ పూయించాలంటే పదిహేను, ఇరవై వేల యూరోలు దాటిపోతుంది. స్టాండర్డ్ సిరస్ కొన్న ధర కంటే అదే ఎక్కువ. చవకగా వచ్చిందని పగుళ్ల గ్లైడర్ కొన్నవాళ్లు ఆ తేడాను తర్వాత వర్క్‌షాపులో కట్టాల్సి వస్తుంది. తర్వాత లాగ్‌బుక్ చూడండి: మొత్తం గంటలు, ప్రమాదాలు, మరమ్మతులు, గంటల పరిమితి వల్ల చేయాల్సిన పెద్ద తనిఖీ ఎప్పుడొస్తుందో. ట్రెయిలర్‌ను కూడా తడిమి చూడండి, తుప్పు పట్టిన ట్రెయిలర్ మార్చాలంటే అదో పెద్ద ఖర్చు. వాయుయోగ్యత పత్రాలు తాజాగా ఉన్నాయా, పారాచ్యూట్ పాతబడిందా అన్నది ఆఖర్న. మీకు నమ్మకమున్న తనిఖీదారుణ్ణి వెంట తీసుకెళ్లండి, అమ్మేవాడి మనిషిని కాదు.

ఆరో అడుగు: పరికరాలు

ఎత్తు పెరుగుతోందో తగ్గుతోందో చెప్పే వేరియోమీటర్ మంచిదై ఉండాలి, అది మాటతో లేదా శబ్దంతో చెబితే కళ్లు బయట ఉంటాయి. ఫ్లార్మ్ అనే పరికరం చుట్టుపక్కల గ్లైడర్ల దారులను లెక్కగట్టి ఢీకొనే ప్రమాదం ఉంటే అరుస్తుంది. 2004లో స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఈ పరికరాన్ని చాలా పోటీలు తప్పనిసరి చేశాయి. మీకు తప్పనిసరి కాకపోయినా పెట్టుకోండి. విమాన దారిని నమోదు చేసే ఐజీసీ రికార్డర్ లేకపోతే పాయింట్లు రావు. గ్లైడర్‌లో పెట్టే ఖరీదైన ఎల్‌ఎక్స్ కంప్యూటర్లకు కొన్ని వేల యూరోలవుతుంది. మొదట్లో ఫోన్‌లో ఎక్స్‌సీసోర్ అనే యాప్ పెట్టుకుంటే ఉచితంగానే లెక్కలన్నీ చేస్తుంది.

తొందరలో మరిచిపోయే విషయం ఒకటుంది. ఐదు గంటలు కదలకుండా కూర్చోవాలి, నీళ్లు తాగాలి, మూత్రానికి ఏర్పాటు ఉండాలి. మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా ఇంట్లో ముందే ప్రయత్నించి చూసుకోండి. మూత్రం ఆపుకోవడం కోసం నీళ్లు తాగడం మానేసిన పైలట్‌కు మూడో గంటలో తల పనిచేయదు, నిర్ణయాలు తప్పుతాయి.

ఏడో అడుగు: పోటీ రోజు

పోటీ సాధారణంగా వారం నుంచి రెండు వారాలు. ఉదయం బ్రీఫింగ్‌లో వాతావరణం, ఆ రోజు టాస్క్, అంటే చుట్టి రావాల్సిన దారి, ప్రకటిస్తారు. ముందురాత్రి స్కైసైట్, టాప్‌మీటియో వాతావరణ సూచనలు చూసి ఉండండి. గ్లైడర్లు గ్రిడ్‌లో వరుసగా నిలబడతాయి. టో విమానాలు ఒక్కొక్కదాన్ని సుమారు 600 మీటర్లకు తీసుకెళ్లి వదులుతాయి. అందరూ పైకెక్కాక కొంత సమయం ఇచ్చి స్టార్ట్ తెరుస్తారు. మీ స్టార్ట్ ఎప్పుడన్నది మీ ఇష్టం. ముందు వెళ్తే దారి మీరే వెతుక్కోవాలి. కాస్త ఆలస్యంగా వెళ్తే ముందున్నవాళ్లు తిరుగుతూ థర్మల్స్ ఎక్కడున్నాయో చూపిస్తారు. మరీ ఆలస్యమైతే సాయంత్రం ఎండ తగ్గి దారి చివరి భాగంలో చిక్కుకుంటారు. మొదటి పోటీలో బలమైన పైలట్ల వెనక కొద్ది నిమిషాలకు బయల్దేరడం మంచిది.

టాస్క్‌లు ముఖ్యంగా రెండు రకాలు. రేసింగ్ టాస్క్‌లో మలుపు బిందువులు స్థిరం, వేగమే లెక్క. అసైన్డ్ ఏరియా టాస్క్‌లో మలుపులు పెద్ద వృత్తాలు, ఎంత లోపలికి వెళ్లాలో మీరే నిర్ణయిస్తారు, కానీ కనీస సమయం ఒకటి ఉంటుంది. మూడు గంటల టాస్క్‌ను రెండుంపావుకి ముగించేస్తే మీ దూరాన్ని మూడు గంటలతోనే భాగిస్తారు. కొత్తవాళ్లు అలా పాయింట్లు వదులుకుంటారు. కనీస సమయం దాటి కొన్ని నిమిషాలకు చేరేట్టు చివరి వృత్తంలో లెక్క సరిచూసుకోండి.

దారిలో వేగం ఎంచుకోవడానికి పాల్ మెక్‌క్రెడీ ఇచ్చిన సూత్రం వాడతాం. 1956లో ఫ్రాన్స్‌లోని సెయింట్ యాన్‌లో ప్రపంచ విజేత అయినవాడు, తర్వాత మనిషి కాళ్లతో తొక్కి నడిపే విమానాన్ని కూడా ఎగిరేట్టు చేసినవాడు. తర్వాతి థర్మల్ ఎంత ఇస్తుందని ఆశిస్తున్నారో ఆ అంకెను కంప్యూటర్‌లో పెడితే అది ఏ వేగంతో పోవాలో చెబుతుంది. ఇప్పుడున్న థర్మల్ ఆ అంకె కంటే తగ్గిపోతే వదిలేయాలి. కొత్తవాళ్లు ఆశించిన దానికంటే తక్కువ అంకె పెట్టుకోండి. కాస్త నెమ్మదిగా పోతే పోయేది చాలా తక్కువ, కానీ ఎత్తు చేతిలో ఉంటుంది, నిదానంగా ఎంచుకోవచ్చు.

పెద్ద తరగతుల్లో రెక్కల్లో నీళ్లు నింపుతారు. బరువు పెరిగినా గ్లైడ్ నిష్పత్తి దాదాపు మారదు, ఆ నిష్పత్తి దొరికే వేగం మాత్రం పెరుగుతుంది. 44 శాతం బరువు పెరిగితే వేగం 20 శాతం పెరుగుతుంది. బదులుగా బలహీన థర్మల్స్‌లో పైకెక్కడం కష్టమవుతుంది. క్లబ్ క్లాస్‌లో ఈ తలనొప్పి ఉండదు.

థర్మల్‌లోకి వెళ్లేటప్పుడు ముందు నుంచీ తిరుగుతున్నవాళ్ల దిశలోనే తిరగండి. ఇరవై గ్లైడర్లు ఒకే స్తంభంలో తిరుగుతుంటే పక్కవాడి కళ్లకు కనిపించని చోట ఉండకండి, ఊహించని మలుపు తిప్పకండి. గుంపులో మీకు ఊపిరాడనట్టనిపిస్తే వదిలి వెళ్లిపోండి. పాయింట్లు మళ్లీ సంపాదించుకోవచ్చు.

రోజు విజేతకు అత్యధికంగా 1000 పాయింట్లు. దారిలో దిగిపోయినవాడికి దూరం పాయింట్లే వస్తాయి, అవి బాగా తక్కువ. రోజూ ఐదో ఆరో స్థానంలో తిరిగొచ్చేవాడు, రెండు రోజులు గెలిచి మూడో రోజు పొలంలో దిగినవాడి పైన ఉంటాడు. ప్రపంచ టైటిళ్లు అందరికంటే ఎక్కువ గెలుచుకున్న సెబాస్టియన్ కావా పోలండ్‌లో ప్రసూతి వైద్యుడు. వృత్తిరీత్యా పైలట్ కానివాళ్లు కూడా పై స్థాయికి చేరగలరని ఆయన్ను చూస్తే నమ్మకం కలుగుతుంది.

ఎనిమిదో అడుగు: సాయంత్రం పని

గ్లైడర్ కట్టేశాక మీ ఐజీసీ ఫైలును సీయూ లేదా వీగ్లైడ్ లాంటి విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. అదే రోజు గెలిచినవాడి ఫైలు పక్కన పెట్టుకోండి, అవి అందరికీ అందుబాటులో ఉంటాయి. మూడు అంకెలు చూడండి: ఎంత శాతం సమయం తిరుగుతూ గడిపారు, థర్మల్స్‌లో సగటున ఎంత వేగంగా పైకెక్కారు, థర్మల్ పట్టుకోవడానికి మొదటి నిమిషంలో ఎంత పోయింది. చాలామంది నేరుగా పోయేటప్పుడు వేగం సరిపోలేదనుకుంటారు. ఫైలు చూస్తే అసలు నష్టం సగం పనికిరాని థర్మల్స్ దగ్గర ఆగడంలో, మంచి థర్మల్‌ను ఆలస్యంగా వదలడంలో కనిపిస్తుంది.

ఏడాది బడ్జెట్

క్లబ్ గ్లైడర్‌తో ఒక పోటీకి వెళ్లే పైలట్‌కు యూరప్‌లో ఉజ్జాయింపుగా ఇలా పడుతుంది. క్లబ్, శిక్షణ, మామూలు విమానాలు పదిహేనువందల యూరోలు. పోటీ ప్రవేశ రుసుం కొన్ని వందలు. పది రోజులు ఎగిరితే టోలకు నాలుగైదు వందలు. గుడారంలో బస, తిండి, కారు పెట్రోలు మరో ఆరేడు వందలు. మొత్తం మూడు వేల చుట్టుపక్కల. సొంత పాత గ్లైడర్ ఉంటే బీమా, వార్షిక తనిఖీ, పారాచ్యూట్ మళ్లీ మడతపెట్టించడం, నిలిపే స్థలం కలిపి మరో రెండు వేలు వేసుకోండి, ముగ్గురు పంచుకుంటే ఒక్కొక్కరికి ఏడువందల లోపు. కొత్త 18 మీటర్ల గ్లైడర్ యజమాని బీమాకే ఇంతకు మించి కట్టొచ్చు.

ప్రవేశ దరఖాస్తులు చాలా పోటీలకు చలికాలంలోనే మొదలవుతాయి, క్లబ్ క్లాస్ స్థానాలు త్వరగా నిండుతాయి. ఎఫ్‌ఏఐ స్పోర్టింగ్ లైసెన్స్ మీ దేశ సమాఖ్య ద్వారా తీసుకోండి. క్లబ్ గ్లైడర్‌ను ఆ వారాలకు కేటాయించమని కార్యవర్గాన్ని డిసెంబరులోపు అడగండి. వెంట వచ్చే మనిషికి సెలవు దొరుకుతుందో లేదో అంతకంటే ముందే కనుక్కోండి, ట్రెయిలర్ లాగేవాళ్లు లేకపోతే పొలంలో దిగిన రోజు చిక్కుల్లో పడతారు.